పొడి తూకం

శుక్రవారం పొద్దు. బుదయ్యా రోడ్డు మీద బస్సు దిగి
ఖర్జూరం తోటల పక్క నుంచి నడిచినం,
నేనూ, జెంతీభాయ్ సోంపురా.
వాళ్ల తాతలు జైనుల గుళ్లు చెక్కినోళ్లు.
ఆయన ఇక్కడ బహ్రెయిన్‌ల
పెద్దోళ్ల స్నానాలగదులకు పాలరాయి కోస్తడు.
కోసిన పలక ఎనకాల నేను జిగురు రాస్త.

గుడి చూద్దాం రమ్మంటే వచ్చిన.
గుడంటే గంటన్న ఉంటదనుకున్న.
ఇసుక గుంతల మోకాలెత్తు గోడలు,
ఒక కంచె, ఒక బోర్డు,
గొడుగు కింద కునికే కావలి మనిషి.
నాలుగు వేల ఏండ్లట.
ఏ దేవునిదో బోర్డుకు గూడ ఖాయంగ తెల్వదు.

నాకు రాళ్లు కనవడ్డయ్.
ఆయన చెప్పులిడిచిండు.
చెయ్యి సాపితే అందే ఒక్క రాయిని
ఎద్దును కొనేటోడు పండ్లు చూసినట్టు చూసిండు.
"సున్నం లేదు, జిగురు లేదు. గోరు పెట్టు, దూరదు.
బరువు మీదనే నిలవడ్డయ్.
ఇగో, ఈ మూల కొట్టినోడు ఎడమచేతి వాటం."
ఉలి గీత ఎటు నుంచి ఎటు పోయిందో
చూపుడు వేలితో గాలిలో గీసి చూపిచ్చిండు.
ఎవడో చెమట తుడుచుకొని
ఇప్పుడే చాయ్‌కు లేచిపోయినట్టనిపించింది నాకు.

మెట్లు కిందికి దిగి ఒక బావిల ఆగినయ్.
బావి ఎండిపోయింది.
"మావోళ్లు కొండ ఎక్కిండ్రు దేవుని కోసం,
వీళ్లు నీళ్ల కోసం దిగిండ్రు.
మెట్టు ఎత్తు మాత్రం ఒక్కటే. జాన."
కొలిచిండు. జానకు వేలు తక్కువ.
"మనుషులు పొట్టోళ్లుండె," అన్నడు.

పీఠం కాడ రాతిలో సన్నటి కాలువ.
నీళ్లకో నెత్తురుకో బోర్డు చెప్పలే.
అక్కడ ఆయన నిలవలే.
"పనితనం నా అన్నదమ్మునిది,
దేనికి వాడిండ్రో అది నాది కాదు."

గోడ నీడ మా ఇద్దరికి సాలలే. వంతులేసుకొని కూసున్నం.
ఆబూ కొండ మీద పైకప్పు నుంచి
రాతి తామర తలకిందులు వేలాడ్తదట,
రేకు ఎనక దీపం పెడ్తే ఇవతలికి ఎలుగొస్తదట.
"గీకిన పొడి తూచి, అంత వెండి ఇచ్చేటోళ్లని మా తాత చెప్పేది.
నిజమో కాదో, వింటానికి బాగుంటది."
నవ్విండు. నవ్వు దగ్గయింది. నాకూ అంటింది.
మిషన్ కాడ మా ఇద్దరి పొడి ఒక్కటే గద.
దాన్ని తూచినోడు లేడు,
రెండేండ్లకోసారి మెడికల్‌ల
ఎక్స్‌రే ఎలుగుకు పట్టి పక్కకు పెట్టుడు తప్ప.

"మీ దిక్కు జైనులు లేకుండెనా?"
లేకుండె అన్న.
బస్సు మనామా చేరేటప్పుడు యాదికొచ్చింది,
బొమ్మలగుట్ట.
సీతాఫలాలకు ఎక్కేది బడి ఎగ్గొట్టి.
బండకు బట్టల్లేని బొమ్మలు, కింద అక్షరాలు.
అక్షరాల మీద కాలు పెట్టి పైకి ఎగవాకేది.
నవ్వేది, రాళ్లిసిరేది,
ఒకనాడు బొగ్గుతోని మీసాలు గూడ గీసినం.

రాత్రి మేకల శాయిలుకు ఫోన్ చేసిన.
"పిచ్చి లేసిందారా?" అన్నడు గని, తెల్లారి ఎక్కిండు.
ఫొటో ఒచ్చింది, సగం వాని బొటనవేలు.
క్యాంపుల మీది మంచం మీద పండుకొని
జెంతీభాయ్ రెండు వేళ్లతో ఫొటోను సాగదీసిండు.
మొఖం చూడలే. కిరీటం చూడలే.
చెయ్యికీ నడుముకూ నడుమ
సన్నటి చీకటి కాడ ఆగిండు.
"ఈ సందు చెక్కుడే కష్టం, తమ్మీ.
రాయి తీసేసిన చోటనే బొమ్మకు ఊపిరాడ్తది."
శానాసేపు ఫోన్ నాకు తిరిగియ్యలే.

మీసాల ముచ్చట ఆయనకు చెప్పలే.
నాలుగింటికి బండి. చీకట్ల, మాస్కు దారం కట్టుకుంట
శాయిలుకు పెట్టిన:
మీసాలు ఇంకున్నయేమో చూడు.
ఉంటే తడిబట్టతోని తుడువు.
గీకకు.